వాట్సాప్ ఉండగా ఈ పాత బీబీఎస్‌లు ఇంకా ఎవరు, ఎందుకు నడుపుతున్నారు?

కిట్టు_కూకట్‌పల్లి
శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా ఆఫీసులో ఒక సీనియర్ సార్ భోజనం అయ్యాక రోజూ ల్యాప్‌టాప్‌లో ఒక నల్ల తెర తెరుస్తారు. గళ్ళు గళ్ళుగా రంగులద్దిన కోట బొమ్మ ఒకటి పైనుంచి కిందికి గీసుకుంటూ వస్తుంది, చివర్లో పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఏంటని అడిగితే బీబీఎస్ అన్నారు, బులెటిన్ బోర్డ్ సిస్టమ్. ఇంటర్నెట్ జనంలోకి రాకముందు ఫోన్ లైన్ల మీద నడిచినవట. ఇంటికొచ్చి వెతికితే ఇవి ఇప్పటికీ వందల్లో ఉన్నాయి. ఫొటో పెట్టడానికి లేదు, యాప్ లేదు, పైసా ఆదాయం లేదు. కొన్నిట్లో చివరి మెసేజ్ పోయిన నెలది. అయినా ఎవరో ఒకరు కరెంటు బిల్లు కట్టి మరీ నడుపుతున్నారు.

ఎందుకు? నడిపేవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే చెప్పండి. నోస్టాల్జియా అని ఒక్క ముక్కలో తేల్చేయకండి, అంతవరకు నాకూ తోచింది.

విశాఖ_సాగర్
శుక్రవారం, రాత్రి 9:52

నోస్టాల్జియా.

పాతమోడెం
శుక్రవారం, రాత్రి 11:15

సాగర్ గారూ 🙂

కిట్టు గారూ, నేను ఒకటి నడుపుతున్నాను. ఉండేది న్యూజెర్సీలో. సింక్రోనెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక రాస్‌ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్), అంతే సరంజామా. బేస్‌మెంట్‌లో వాటర్ హీటర్ పక్కన అరలో పడి ఉంటుంది. ఆ సాఫ్ట్‌వేర్ 1990ల మొదట్లో పుట్టింది, దాన్ని రాసినాయన ఇప్పటికీ దానికి మార్పులు చేస్తూనే ఉన్నారు. ఇదొక్కటే కాదు, మిస్టిక్ ఉంది, డబ్ల్యూడబ్ల్యూఐవీ ఉంది. ఎనిగ్మా అని నోడ్ జేఎస్‌లో కొత్తగా రాసింది కూడా ఉంది. పాత కంప్యూటర్ అక్కర్లేదు, మోడెం (ఫోన్ లైన్ మీద కంప్యూటర్లను కలిపే పెట్టె) అసలే అక్కర్లేదు. ఫోన్ నంబరు ఉండాల్సిన చోట టెల్నెట్ అడ్రసు వచ్చింది, అంటే ఇంటర్నెట్ మీద ఇంకో కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే పాత పద్ధతి. లోపలంతా పాత పద్ధతే.

మొదలెక్కడో తెలిస్తే కొంత అర్థమవుతుంది. 1978 జనవరిలో షికాగోలో పెద్ద మంచు తుఫాను వచ్చింది. ఐబీఎంలో పనిచేసే వార్డ్ క్రిస్టెన్సెన్ ఇంట్లోంచి కదల్లేక, తన కంప్యూటర్ క్లబ్బు మిత్రుడు రాండీ సూస్‌కి ఫోన్ చేశాడు. క్లబ్బు గోడ మీద కార్క్ బోర్డు ఉంటుంది కదా, చీటీలు గుచ్చేది. దాన్ని కంప్యూటర్‌లో పెట్టి, ఎవరింట్లోంచి వాళ్ళు ఫోన్ చేసి చదువుకునేలా చేస్తే? క్రిస్టెన్సెన్ ప్రోగ్రాం రాశాడు, సూస్ యంత్రం బిగించాడు. పని రెండు వారాల్లో అయిపోయిందట. అంత త్వరగా అంటే ఎవరూ నమ్మరని నెల పట్టిందని చెప్పుకున్నారు. ఫిబ్రవరి 16న బయటికొచ్చింది, పేరు సీబీబీఎస్. ఒకే ఫోన్ లైన్, అంటే ఒకసారికి ఒక్కడే. మిగతావాళ్ళకు బిజీ టోన్. అలాంటి ఒక్క లైను మీద మూసేలోపు లక్షల్లో కాల్స్ వచ్చాయి.

యంత్రాన్ని సూస్ ఇంట్లో పెట్టారు, ఎందుకంటే నగరంలో ఎక్కువమందికి ఆ ఇల్లు లోకల్ కాల్. నాకు ఈ వివరం చాలా ఇష్టం. కంపెనీ లేదు, పెట్టుబడి లేదు. ఎవరి ఇల్లు అందరికీ దగ్గరో చూసుకుని అక్కడ పెట్టారు.

విశాఖ_సాగర్
శనివారం, ఉదయం 7:30

చరిత్ర బాగుంది మాస్టారూ. కిట్టు అడిగింది 1978 గురించి కాదుగా. అప్పుడు వేరే దారి లేదు, పెట్టారు. ఇప్పుడు ఉన్నాయి కదా దారులు?

పైగా నేను నెట్‌వర్క్ సెక్యూరిటీలో పనిచేస్తాను. టెల్నెట్ అంటే పాస్‌వర్డ్ కూడా మామూలు అక్షరాల్లోనే తీగ మీద పోతుంది. 2016లో మిరాయ్ బాట్‌నెట్ (హ్యాకర్లు దొంగచాటుగా నడిపే యంత్రాల గుంపు) లక్షల కెమెరాలు, రౌటర్లు పట్టుకుంది కూడా ఈ టెల్నెట్ తలుపులోంచే. ఈ రోజుల్లో పోర్ట్ 23, అంటే ఆ టెల్నెట్ తలుపు, తెరిచి కూర్చోవడం ఏం సరదా?

పాతమోడెం
శనివారం, ఉదయం 8:05

అది ముమ్మాటికీ నిజం. నా లాగ్ చూస్తే మనుషుల కంటే బాట్లే ఎక్కువ. రాత్రంతా "రూట్", "అడ్మిన్" అంటూ తలుపు బాదుతూనే ఉంటాయి. నా కోట బొమ్మ వాటికి రూటర్ లాగిన్‌లా కనిపిస్తుంది పాపం. అందుకే చాలామంది పోర్ట్ మార్చేస్తారు, లేదా రెండుసార్లు ఎస్కేప్ కీ నొక్కితే గానీ లోపలికి రానివ్వరు. ఎస్ఎస్‌హెచ్ (టెల్నెట్ లాంటిదే, కానీ అంతా గుప్తంగా పంపేది) కూడా ఇస్తాం. బ్యాంకు పాస్‌వర్డ్ ఇక్కడ వాడొద్దని మొదటి తెర మీదే రాసి ఉంటుంది.

ఎందుకు అన్నదానికి నా జవాబు ఇది. నా బోర్డులో ఎవరైనా పిచ్చి రాతలు రాస్తే రిపోర్ట్ బటన్ ఉండదు, నేనుంటాను. నియమాలు నావి, తప్పైతే తిట్టించుకునేదీ నేనే. లాగిన్ అయినవాళ్ళు సిసాప్‌ని (బోర్డు నడిపేవాణ్ని) పేజ్ చేస్తే బేస్‌మెంట్‌లో బీప్ వినిపిస్తుంది, మెట్లు దిగి వెళ్ళి మాట్లాడతాను. మా ఆవిడకు ఆ బీప్ అంటే ఎంత కోపమో చెప్పలేను. ఇంకోటి, ఎవరు ఏం చదవాలో లోపల ఏ యంత్రమూ నిర్ణయించదు. మెసేజ్‌లు వచ్చిన వరసలో ఉంటాయి. చదవడం అయిపోతే "కొత్తవి లేవు" అని చెప్పి ఆగిపోతుంది.

విశాఖ_సాగర్
శనివారం, ఉదయం 8:20

అంటే మీ రాజ్యానికి మీరే రాజు. అర్థమైంది. 😀

లత_మల్లేశ్వరం
శనివారం, ఉదయం 10:48

రాజ్యం మాట వచ్చింది కాబట్టి మన దేశం సంగతి కొంచెం చెప్తాను. అప్పట్లో నేను బెంగళూరులో ఉద్యోగంలో చేరిన కొత్త. 1989 నుంచి అతుల్ చిట్నిస్ గారు అక్కడ సీఐఎక్స్ అనే బోర్డు నడిపేవారు. తర్వాత లినక్స్‌ని మన దేశంలో జనానికి చేర్చినవాళ్ళలో ముందు వరసలో వినిపించే పేరు. 2013లో పోయారు. బొంబాయిలో కూడా బోర్డులు ఉండేవి.

అమెరికాలో లోకల్ కాల్‌కి చాలాచోట్ల నిమిషాల లెక్క లేదు. నెల అద్దె కడితే ఎంతసేపైనా మాట్లాడొచ్చు, కుర్రాళ్ళు రాత్రంతా బోర్డుల్లో పడి ఉన్నారంటే అందుకే. మనకి లోకల్ కాల్ కూడా మీటరే. అసలు ఫోన్ కనెక్షన్ కోసమే ఏళ్ళు వెయిటింగ్ లిస్టులో ఉండాలి. ఊరు దాటితే ఎస్టీడీ. రాత్రి పదకొండు దాటితే పావు రేటని బూత్ ముందు క్యూ కట్టిన తరం మాది. దానికి తోడు బోర్డు నడిపేవాళ్ళు ఏడాదికి లక్షల్లో లైసెన్సు ఫీజు కట్టాలని టెలికాం శాఖ పట్టుబట్టింది. ఇంట్లో సరదాగా నడిపే మనిషి లక్షలు ఎక్కడ తెస్తాడు? ఆ గొడవ నడుస్తుండగానే 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ ఇచ్చేసింది. అమెరికాలో బోర్డులు బాగా పండి, ఆ తర్వాత రాలాయి. మన దగ్గర పిందెల్లోనే పోయాయి.

అందుకే ఆ రోజుల మీద నాకు బెంగ ఏమీ లేదు. ఫోన్ బిల్లు చూసి మా నాన్నగారు అన్న మాటలు ఇంకా చెవుల్లో ఉన్నాయి. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. మీటర్ తిరుగుతుందన్న భయంతో రాసే పద్ధతే వేరుగా ఉండేది. క్యూడబ్ల్యూకే ప్యాకెట్ అని ఉండేది. బోర్డుకి కాల్ చేసి కొత్త మెసేజ్‌లన్నీ ఒక మూటగా దించుకుని వెంటనే ఫోన్ పెట్టేస్తాం. తీరిగ్గా చదివి, జవాబులు రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, మర్నాడు కాల్ చేసి అన్నీ ఒకేసారి పంపిస్తాం. కోపంలో రాసింది పొద్దున్న మనమే తీసేస్తాం. సగం తగాదాలు మూటలోనే చచ్చిపోయేవి.

పాతమోడెం
శనివారం, ఉదయం 11:02

లత గారూ, క్యూడబ్ల్యూకే ఇప్పటికీ ఉంది! సింక్రోనెట్ వాళ్ళ డోవ్‌నెట్‌లో బోర్డుల మధ్య మెసేజ్‌లు మారేది ఆ ప్యాకెట్లతోనే.

బోర్డుల మధ్య అన్నాను కదా, కిట్టు గారి కోసం చెప్తాను. 1984లో శాన్‌ఫ్రాన్సిస్కోలో టామ్ జెన్నింగ్స్ ఫిడోనెట్ మొదలుపెట్టాడు. రాత్రి పూట, ఫోన్ రేట్లు తగ్గాక, ఒక నిర్ణీత గంటలో బోర్డులన్నీ మనుషులకు తలుపు మూసేసి ఒకదానికొకటి ఫోన్లు చేసుకునేవి. ఇక్కడ రాసిన ఉత్తరం అలా అంచెలంచెలుగా ఒకట్రెండు రోజుల్లో ఇంకో ఖండం చేరేది. 1990ల మధ్యలో 39 వేలకు పైగా నోడ్లు (అంటే అందులో చేరిన బోర్డులు) ఉండేవి, అన్నీ సొంత డబ్బుతో సొంత ఇళ్ళలో నడిపినవే. ఇప్పుడు అందులో చిన్న వంతే మిగిలింది, కానీ నెట్‌వర్క్ ఆగలేదు. ఇంటర్నెట్ మీద బింక్‌పీ అనే ప్రోటోకాల్‌తో మూటలు మారుతున్నాయి. న్యూజిలాండ్ నుంచి మొదలైన ఎఫ్ఎస్ఎక్స్‌నెట్ లాంటి కొత్త నెట్‌వర్కులూ వచ్చాయి, కొత్తగా బోర్డు పెట్టినవాళ్ళు ఎక్కువగా అందులోనే చేరుతున్నారు.

బుజ్జి64
శనివారం, మధ్యాహ్నం 2:20

అన్నా, రాస్‌ప్‌బెర్రీ పై అంటే మోసం కిందే లెక్క 😂

నా దగ్గర కమోడోర్ 64 ఉంది. 1982 నాటి మోడల్, 64 కేబీ మెమరీ. వెనక ఒక చిన్న వైఫై చిప్ బోర్డు తగిలించాను, ఈఎస్‌పీ8266. కొన్ని వందల రూపాయలే. అది పాత హేస్ మోడెంలా నటిస్తుంది. "ఏటీడీటీ" కొట్టి పక్కన అడ్రసు ఇస్తే ఫోన్ డయల్ చేసినట్టే కనెక్ట్ అవుతుంది. కంప్యూటర్‌కి ఇంటర్నెట్ అనేది ఒకటుందని కూడా తెలియదు. వెడల్పు 40 అక్షరాలే, బొమ్మలకు సొంత అక్షరాల సెట్టు పెట్‌స్కీ ఉంది. కొందరు బోర్డునే ఈ యంత్రం మీద నడుపుతున్నారు, ఫ్లాపీ డ్రైవ్ గరగరమంటుంటే.

స్పీడు 300 పెట్టి చూడండి ఒకసారి. సెకనుకు 30 అక్షరాలు. 80 నిలువు, 25 అడ్డం ఉన్న తెర నిండటానికి నిమిషం దాటుతుంది. 2400లో అయితే ఎనిమిది సెకన్లు. కిట్టు గారు చూసిన కోట పైనుంచి కిందికి గీసుకుంటూ వచ్చిందంటే అది ఈ స్పీడుకి తగ్గట్టు గీసిన బొమ్మ. అది గీతా, కదలికా రెండూ.

ఒత్తు_పొల్లు
శనివారం, సాయంత్రం 4:45

బొమ్మల గురించి బుజ్జి గారు వదిలేసింది నేను అందుకుంటాను. ఐబీఎం పీసీలో 256 అక్షరాల సెట్టు ఒకటి ఉండేది, కోడ్ పేజ్ 437. అందులో 176, 177, 178 నంబర్లు పలచగా, ఇంకొంచెం చిక్కగా, బాగా చిక్కగా చుక్కలు నింపిన గళ్ళు. 219 పూర్తిగా నిండిన గడి. ఈ నాలుగూ, పదహారు రంగులూ, అంతే. వీటితో ముఖం మీద నీడలు కూడా తెప్పించేవాళ్ళు. యాసిడ్, ఐస్ అని 1990 ప్రాంతంలో మొదలైన బృందాలు నెలనెలా బొమ్మల ప్యాకులు విడుదల చేసేవి. ఈ బోర్డుల కోసమే ఇప్పటికీ కొత్తగా గీసేవాళ్ళున్నారు. అసలు వాళ్ళ కోసమే బోర్డు నడిపేవాళ్ళూ ఉన్నారు.

నా కష్టం వేరే. ఇందులో తెలుగు ఎలా? టెర్మినల్‌కి తెర అంటే గళ్ళ కాగితం, ఒక అక్షరం ఒక గడి. "స్త్రీ" తీసుకోండి. యూనికోడ్‌లో ఆరు కోడ్లు, కంటికి ఒకటే ముద్ద. దానికి ఎన్ని గళ్ళివ్వాలి? ఒక్కో టెర్మినల్ ఒక్కో లెక్క వేస్తుంది. ఒత్తు పక్క గడిలోకి జారుతుంది, లేదా తలకట్టు ఎగిరిపోతుంది, కర్సర్ ఎక్కడుందో దానికే తెలియదు. మెనూ గీతలన్నీ వంకర.

తమాషా ఏంటంటే డాస్ రోజుల్లో దీనికి ఒక పరిష్కారం ఉండేది. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై సీడాక్ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ) వాళ్ళు తెచ్చిన జిస్ట్ కార్డు. కంప్యూటర్‌లో గుచ్చితే మామూలు డాస్ తెర మీద తెలుగు వచ్చేది. కోడ్ ఇస్కీ, ఒక అక్షరానికి ఒక బైటు. దాని అమరికనే తర్వాత యూనికోడ్ మన లిపులకు తీసుకుంది. కానీ ఆ కార్డు ఆఫీసులకు, ఇంట్లో కొనుక్కునే ధర కాదు. అందుకని యూజ్‌నెట్‌లో (అప్పటి చర్చా వేదికల నెట్‌వర్క్) తెలుగు గుంపులో రాసేవాళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాసుకున్నారు. రైస్ యూనివర్సిటీలో మనవాళ్ళు దానికి ఆర్‌టీఎస్ అని ఒక పద్ధతి పెట్టారు. ఇవాళ తెలుగు టైపింగ్ సైటు లేఖినిలో కొట్టేది కూడా దాదాపు ఆ పద్ధతే.

రవి_సించు
శనివారం, రాత్రి 7:10

ఒత్తు గారూ, మీరు చెప్పిన గళ్ళ గొడవ చైనీస్ వాళ్ళకు లేకపోవడం వల్ల ఏం జరిగిందో చూడండి. నేను తైవాన్‌లో ఉంటాను, చిప్ కంపెనీలో పని. ఇక్కడ బీబీఎస్ పాత వస్తువు కానే కాదు. పీటీటీ అని ఉంది. 1995లో నేషనల్ తైవాన్ యూనివర్సిటీ హాస్టల్ గదిలో ఒక రెండో ఏడాది విద్యార్థి మొదలుపెట్టాడు. రద్దీగా ఉన్న సమయాల్లో లక్షన్నర మంది ఒకేసారి లోపల ఉన్న రోజులున్నాయి. అదే నల్ల తెర, అవే బాణం కీలు. కంపెనీకి అమ్మలేదు, ప్రకటనలు లేవు.

వాళ్ళ బిగ్5 కోడ్‌లో ఒక అక్షరానికి రెండు బైట్లు, తెర మీద రెండు గళ్ళు. సరిగ్గా సరిపోయింది. ఇంకా చిలిపి పని ఏంటంటే, రెండు బైట్ల మధ్యలో రంగు మార్చే కోడ్ దూర్చి ఒకే అక్షరాన్ని సగం ఎరుపు, సగం పసుపు చేస్తారు.

2019 డిసెంబర్ 31 తెల్లవారుజామున వుహాన్‌లో వింత న్యుమోనియా అంటూ ఒకరు పీటీటీలో పెట్టిన పోస్టు ఇక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం డిప్యూటీ కంట పడింది. ఆ రోజే వుహాన్ నుంచి వచ్చే విమానాల్లో తనిఖీలు మొదలయ్యాయి. కాబట్టి "ఎవరు చూస్తారు ఇవి" అనే ప్రశ్నకు ఈ ఊళ్ళో జవాబు వేరు.

విశాఖ_సాగర్
శనివారం, రాత్రి 7:32

రవి గారూ, చాలా బాగుంది, నాకు తెలియదు. కానీ అది మన వాదనకు పనికిరాదు. లక్షన్నర మంది ఉన్నచోట ఎందుకు నడుపుతున్నారని ఎవరూ అడగరు. మాస్టారి బేస్‌మెంట్ సంగతేంటి? ఇప్పటిదాకా చెప్పినవన్నీ నడిపేవాడి ఆనందం, గీసేవాడి ఆనందం. చదవడానికి వచ్చేవాడికి ఏముంది అక్కడ?

పాతమోడెం
శనివారం, రాత్రి 8:50

సూటిగా అడిగారు, సూటిగానే చెప్తాను. నా కాలర్లలో ఎక్కువమంది వేరే బోర్డుల సిసాప్‌లే. (ఫోన్ లేకపోయినా కాలర్లు అనే అంటాం.) నేను వాళ్ళ బోర్డుకి వెళ్తాను, వాళ్ళు నా బోర్డుకి వస్తారు. కొన్ని రోజులు ఒక్కరూ రారు. మాట్లాడుకునేది కూడా సగం ఈ సాఫ్ట్‌వేర్ గురించే. బయటివాడికి విసుగు పుడుతుంది, నాకు తెలుసు.

అయినా నడుపుతాను. పెరట్లో నాలుగు వంగమొక్కలు వేసుకున్నవాణ్ని రైతుబజార్లో కిలో ఎంతుందో తెలుసా అని అడగం కదా. మొత్తం యంత్రం నా తలలో పడుతుంది. లాగిన్ దగ్గర్నుంచి మెనూ దాకా ఏ అక్షరం ఎందుకు కనిపిస్తోందో నాకు తెలుసు, నచ్చకపోతే మారుస్తాను. పగలు నేను పనిచేసే చోట ఏదీ అలా లేదు. నూరుమంది కలిసి చేసే దాంట్లో ఒక బటన్ రంగు మార్చాలన్నా మూడు మీటింగులు.

వచ్చేవాళ్ళకు డోర్ గేమ్స్ (బోర్డులోంచే తెరుచుకునే ఆటలు) ఉన్నాయి. లెజెండ్ ఆఫ్ ద రెడ్ డ్రాగన్ అని 1989 నాటిది. రోజుకు అడవిలో ఇన్ని యుద్ధాలే అని లెక్క. అయిపోతే రేపు రావాలి. ఒకే లైను ఉన్న కాలంలో ఒక్కడే ఆక్రమించకుండా పెట్టిన నియమం అది. ఇప్పుడు లైను బాధ లేదు, అయినా ఎవరూ దాన్ని తీసేయలేదు. పావుగంట ఆడి పడుకునే ఆట అని చెప్పి దానికోసమే వచ్చేవాళ్ళున్నారు నాకు.

హామ్_రాంబాబు
ఆదివారం, ఉదయం 6:40

ఆలస్యంగా చూశాను. మా హామ్ రేడియో వాళ్ళ గురించి ఎవరూ ఎత్తలేదు. ప్యాకెట్ రేడియో బీబీఎస్‌లు (రేడియో తరంగాల మీద మెసేజ్‌లు పంపేవి) ఇంకా ఉన్నాయి, వాటికి ఇంటర్నెట్ కూడా అవసరం లేదు. వీహెచ్ఎఫ్‌లో 1200 బాడ్, ఏఎక్స్.25 ప్రోటోకాల్. ఒక స్టేషన్ మెసేజ్ అందుకుని దాచుకుంటుంది, వీలున్నప్పుడు తర్వాతి స్టేషన్‌కి పంపుతుంది. హుద్‌హుద్ వచ్చినప్పుడు వైజాగ్‌లో ఫోన్లు ఏమయ్యాయో సాగర్ గారికి చెప్పక్కర్లేదు. చిన్న బ్యాటరీ మీద నడిచేది, టవర్ అక్కర్లేనిది ఒకటి అలవాటులో ఉంచుకోవాలన్నది మా కారణం. అలవాటు లేకపోతే ఆ రోజున ఎవడికీ చేతకాదు.

మా దాంట్లో ఎన్‌క్రిప్షన్ పెట్టడానికి చట్టం ఒప్పుకోదు, వ్యాపారం మాట ఎత్తకూడదు. అందుకని అంతా బహిరంగమే. ఆసక్తి ఉన్నవాళ్ళు ముందు లైసెన్సు పరీక్ష రాయాలి. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983 నుంచి ఉంది, అక్కడ అడగండి.

విశాఖ_సాగర్
ఆదివారం, ఉదయం 9:15

రాంబాబు గారి కారణం ఒక్కటీ నేను ఒప్పుకుంటాను. హుద్‌హుద్ తర్వాత ఫోన్ లేక ఎంత నరకం చూశామో ఇక్కడివాళ్ళకే తెలుసు. మిగతావి సరదాలు. సరదా తప్పని నేను అనలేదు, దానికి సిద్ధాంతాలు అల్లొద్దంటున్నా. టెల్నెట్ మాత్రం మూసేయండి మాస్టారూ, ఎస్ఎస్‌హెచ్ ఒక్కటే ఉంచండి.

బుజ్జి64
ఆదివారం, ఉదయం 9:21

ఎస్ఎస్‌హెచ్ ఒక్కటే ఉంచితే నా కమోడోర్ ఎలా వస్తుంది సార్? 64 కేబీలో ఆ లెక్కలన్నీ చేయమంటే తెల్లారిపోతుంది.

కిట్టు_కూకట్‌పల్లి
ఆదివారం, ఉదయం 11:30

ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి మిస్టిక్ దించుకుని పాత ల్యాప్‌టాప్‌లో పెట్టాను. ఇంట్లో వైఫైలో పనిచేస్తోంది, బయట నుంచి మాత్రం ఎవరూ రాలేకపోతున్నారు. రూటర్లో పోర్ట్ తెరిచినా అంతే. ఇంటర్నెట్ వాళ్ళకు ఫోన్ చేస్తే "రీస్టార్ట్ చేయండి సార్" అంటున్నారు.

విశాఖ_సాగర్
ఆదివారం, ఉదయం 11:44

అది సీజీన్యాట్. మీ వీధిలో బోలెడు ఇళ్ళకు కలిపి ఒకే పబ్లిక్ ఐపీ ఇచ్చి ఉంటారు. బయటివాడు ఆ అడ్రసుకొస్తే ఏ ఇంటికి పంపాలో దానికి తెలియదు. మన దగ్గర ఇంటి కనెక్షన్లలో ఇది మామూలే. రూటర్లో ఐపీవీ6 (కొత్త రకం ఇంటర్నెట్ అడ్రసు) వచ్చిందేమో చూడండి, వస్తే దాని మీద పెట్టొచ్చు, కానీ ఐపీవీ6 ఉన్నవాళ్ళే రాగలరు. లేదంటే నెలకు కొన్ని వందలకు చిన్న వీపీఎస్ (అద్దె సర్వర్) తీసుకుని బోర్డు అక్కడ పెట్టేయండి. స్టాటిక్ ఐపీ కూడా అడగొచ్చు, దానికి వేరే డబ్బు తీసుకుంటారు.

ఏది చేసినా బోర్డుకి వేరే యూజర్ అకౌంట్ పెట్టండి, రూట్ (అన్ని అధికారాలూ ఉన్న అకౌంట్) కింద నడపొద్దు. కాన్ఫిగ్ ఫైల్ ఇక్కడ పెడితే నేను చూస్తాను, పాస్‌వర్డ్‌లు తీసేసి.

లత_మల్లేశ్వరం
ఆదివారం, మధ్యాహ్నం 12:10

కిట్టూ, క్యూడబ్ల్యూకే ఆన్ చేసి ఉంచు బాబూ. బోర్డు బయటికి రాగానే అడ్రసు ఇక్కడ పెట్టు, చదివే ప్రోగ్రాం నేను వెతుక్కుంటాను.

ఒత్తు_పొల్లు
ఆదివారం, మధ్యాహ్నం 12:26

మొదటి తెర తెలుగులో పెట్టే ఆలోచన ఉంటే నాకు చెప్పండి. అక్షరాలు టైప్ చేయకుండా 219 గళ్ళతోనే పెద్దగా గీసేస్తే ఏ టెర్మినల్లోనైనా చెదరదు. "స్వాగతం" వరకు గీసి చూశాను, 80 గళ్ళలో పట్టింది. స్వా కింద వ ఒత్తుకి ఇంకో రెండు వరసలు కావాలి.

మోడరేటర్
ఆదివారం, మధ్యాహ్నం 1:05

సెటప్ ప్రశ్నలు "నెట్‌వర్కింగ్ సహాయం" విభాగంలో కొత్త దారంగా పెట్టండి కిట్టు గారూ, అక్కడైతే ఇంకొందరు చూస్తారు. ఈ దారం తెరిచే ఉంటుంది.